కొత్త కమ్మరికి దాగలి: తక్కువ ఖర్చుతో పనిముట్లు సమకూర్చుకొను విధము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ సభలో దాగలిని గూర్చిన ప్రసంగమేమిటని కొందరికి సందేహము కలుగవచ్చును. చదివి నేర్చుకొను విద్యయు, చేసి నేర్చుకొను విద్యయు రెండును ఊరికి కావలసినవే. నాగటికఱ్ఱు, కొడవలి, పార, గునపము, గొడ్డలి, బండిచక్రపు పట్టా మున్నగునవన్నియు ఒకప్పుడు ఊరి కొలిమిలోనే పుట్టెడివి. ట్రాక్టరు వచ్చి నాగటికఱ్ఱుకు పని తగ్గించినది. బజారులో తయారు సామాను దొరకుటచే కొలుములు పెక్కు చల్లారినవి. అయినను మొద్దువాఱిన కొడవలికి పదును పెట్టుటకు, వంగిన గునపమును సరిచేయుటకు, చేతికి ఒదుగు కత్తిని చేయించుకొనుటకు నేటికిని కమ్మరి కావలసియే యున్నాడు. ఈ పనిని క్రొత్తగా నేర్వగోరు యువకులు అక్కడక్కడ కనబడుచున్నారు. వారికి మొట్టమొదట ఎదురగు ప్రశ్న ఒక్కటే: దాగలి ఎక్కడ దొరకును? దాని ఖర్చు భరించుట ఎట్లు?

ఈ ప్రశ్నకు తప్పు సమాధానము చెప్పుకొన్నవాడు మూడు విధముల చెడును. పెద్ద దాగలి లేనిదే పని రాదని తలచి వడ్డీకి అప్పు తెచ్చువాడొకడు. చవుకగా వచ్చినదని దొంగసొత్తు కొని న్యాయస్థానము మెట్లెక్కువాడొకడు. అంత సొమ్ము లేదని ఆశను విడిచి ఊరకుండువాడు మూడవవాడు. ఈ మువ్వురిలో ఎవ్వరును కాకుండ ఉండు మార్గమును చెప్పుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

దాగలి యనగానేమి?

వేదాంత గ్రంథములలో ఆత్మను కూటస్థుడని చెప్పుదురు. విద్యారణ్యుల పంచదశిలో కూటస్థదీపమని ఒక ప్రకరణమే కలదు. కూటమనగా కమ్మరి దాగలి యని పెద్దలు వివరింతురు. దానిపై ఎన్ని ఇనుపముక్కలు పెట్టి కొట్టినను ముక్కల రూపములు మాఱునే కాని దాగలి మాఱదు, కదలదు. వేదాంతులు చెప్పిన ఈ లక్షణమే కమ్మరికిని ప్రధానము. దాగలికి రూపము ముఖ్యము కాదు, అచలత్వము ముఖ్యము. సమ్మెట దెబ్బ పడినపుడు అది కదలిన యెడల, దెబ్బలోని బలము కొంత దాగలిని కదలించుటకే వ్యయమై, ఇనుము సాగదు. చేయి అలయును, బొగ్గు కాలును, పని మాత్రము సాగదు.

ఆ అచలత్వమునకు మూడు వలయును. మొదటిది బరువు. వాడు సుత్తె బరువునకు దాగలి కనీసము 20 రెట్లైన ఉండుట మంచిది. కిలో సుత్తెకు 20 కిలోల దాగలి యన్నమాట. ఎక్కువైన కొలది మేలు. రెండవది గట్టిదనము. పైముఖము ఉక్కై యుండవలెను. మూడవది కుదురు. ఎంత మంచి దాగలియైనను ఊగులాడు మొద్దుపై పెట్టినచో పనికిరాదు.

చిత్రపటములలో కనబడు కొమ్ము దాగలి, అనగా ఒక ప్రక్క కొమ్మువలె సాగి, పైన చతురస్రపు రంధ్రముగల పాశ్చాత్య దాగలి, వంపులు తీయుటకు మిక్కిలి సౌకర్యముగా నుండును. కాని అది లేనిదే కమ్మరము లేదనుట పొరపాటు. మన పల్లెల కమ్మరులు తరతరములుగా భూమిలో పాతిన మొద్దునందు కుదిర్చిన చిన్న ఇనుప దిమ్మపైననే సేద్యపు పనిముట్లన్నియు చేసిరి. ఆఫ్రికాలో పెక్కుచోట్ల కమ్మరులు బండరాతినే దాగలిగా వాడిరి. రాజస్థానపు గాడియా లోహారులు తమ కొలిమిని, దాగలిని, సంసారమును ఒకే ఎద్దుబండిలో పెట్టుకొని ఊరూర తిరిగిరి. బండిలో మోయదగిన దాగలితో వారు బ్రతుకు సాగించిరి.

పాత దాగలిని పరీక్షించుట

కొలిమి మాన్పిన ఇండ్లలో పాత దాగలి ఇంకను పడియుండవచ్చును. ముందుగా అక్కడ విచారింపవలెను. దానిని కొనునపుడు ఆ యింటి పెద్దను పని చూపుమని కూడ ప్రార్థించినచో, దాగలితోపాటు విద్యయు దొరకును. తమ పెద్దల దాగలి పాతయినుముక్రింద పోవుటకంటె పనిలో నుండుటయే వారికిని సంతోషము.

పరీక్ష సులభమైనది. లారీ బేరింగులోని ఉక్కు గుండును దాగలి ముఖముపై 10 అంగుళముల ఎత్తునుండి జాఱవిడువవలెను. అది 7, 8 అంగుళములు పైకి ఎగిరినచో ముఖము గట్టి ఉక్కు. నాలుగైదు అంగుళములైనను ఎగురక చచ్చినట్లు పడినచో అది మెత్తని ఇనుమో, పోత ఇనుమో కావచ్చును, లేదా లోపల పగులు ఉండవచ్చును. ముఖమంతట నాలుగైదు చోట్ల ఇట్లు చూడవలెను. రంగువేసి చవుకగా అమ్ము పోత ఇనుప దాగళ్లు చూపునకు అందముగా నుండును. కాని వాటి ముఖము సొట్టలు పడును, అంచులు పెళుసుగా విఱిగిపోవును. అట్టిదానికి పెట్టు సొమ్ముతో ఇప్పుడు చెప్పబోవు సాధనము అంతకంటె బాగుగా లభించును.

రైలుపట్టా దాగలి

పాత దాగలి దొరకనివానికి రైలుపట్టా ముక్క మంచి ఆధారము. పట్టా ఉక్కులో కర్బనము వందకు ఇంచుమించు 0.6 నుండి 0.8 వఱకు ఉండును. అందుచే అది సుత్తెదెబ్బలకు ఓర్చును. మన రైలుమార్గములలో నేడు వాడు పట్టాలు ముఖ్యముగా మీటరునకు 52 కిలోలవియు, 60 కిలోలవియు. పూర్వము గజమునకు 90 పౌనుల పట్టా ఉండెడిది. అది మీటరునకు 45 కిలోలకు కొంచెము తక్కువ. కావున రెండడుగుల ముక్క 52 కిలోల పట్టాయైనచో సుమారు 32 కిలోలును, 60 కిలోల పట్టాయైనచో సుమారు 37 కిలోలును తూగవలెను. పట్టా నడిమి పలకపై దాని రకము, చేసిన సంవత్సరము ఉబ్బెత్తు అక్షరములతో ఉండును. ఈ లెక్క తెలిసినవానిని పాతయినుము వ్యాపారి తూకములో మోసగింపలేడు.

పెక్కుమంది పట్టాను అడ్డముగా పరుండబెట్టి వాడుదురు. అప్పుడు దెబ్బక్రింద సన్నని నడిమి పలకయే యుండుటచే అది గంటవలె మ్రోగి ఎగురును. దానిని నిలువుగా నిలిపినచో ముక్క బరువంతయు దెబ్బక్రిందికి వచ్చును. కొట్టుచోటు చిన్నదగును, నిజమే; తలభాగము రెండున్నర అంగుళములకు కొంచెము పైబడి యుండును. అయినను సుత్తె ముఖము ఎంత వెడల్పో అంత చోటు చాలును. గ్యాసుతో కోసినచో కోత ఎగుడుదిగుడుగా నుండును, కొన దగ్గఱ వేడికి పెళుసుబాఱును. కనుక రంపపు కోత మేలు. ఏ కోతయైనను ముఖమును చదునుగా అరగదీసి, అంచులను కొంచెము గుండ్రము చేయవలెను.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. రైలుపట్టా రైల్వేవారి సొత్తు. 1966 నాటి రైల్వే ఆస్తుల అక్రమ స్వాధీన చట్టము ప్రకారము, దొంగసొత్తని అనుమానింపదగిన రైల్వే సామాను ఎవనియొద్ద దొరకునో, అది తనకు న్యాయముగా వచ్చినదని వాడే రుజువు చేసికొనవలెను. చేయలేనిచో మొదటి నేరమునకే 5 సంవత్సరముల వఱకు కారాగారశిక్ష పడవచ్చును. రైల్వేవారు పనికిరాని పట్టాలను వేలము వేయుదురు. వేలములో పాడుకొన్న వ్యాపారులు ముక్కలు అమ్ముదురు. అట్టివారియొద్దనే కొని, తేది, బరువు, వెల, సామాను పేరు వ్రాసిన రసీదు తీసికొని భద్రపఱచవలెను. రసీదు ఇయ్యనివాడు ఊరక ఇచ్చినను పుచ్చుకొనరాదు.

పట్టా దొరకనిచోట లారీ వెనుక ఇరుసు, కర్మాగారములలో మార్చివేసిన లావు ఉక్కు కడ్డీ, లేదా ఏదైన ఉక్కు దిమ్మ పనికివచ్చును. పాత ఆయిలింజను చక్రము బరువైనదని తెచ్చుకొనరాదు. అది పోత ఇనుము, దెబ్బలకు పగులును.

కుదురు

నిలిచి పనిచేయువాడు చేతిని ప్రక్కకు జాఱవిడిచి పిడికిలి బిగించినచో, వ్రేళ్ల కణుపులు ఎంత ఎత్తున నుండునో దాగలి ముఖము అంత ఎత్తున నుండవలెను. చింతమొద్దునో, వేపమొద్దునో తీసికొని, పట్టా ముక్క బిగువుగా దిగునట్లు తొలిచి కూర్చవలెను. కూర్చుండి పనిచేయు మన పాత పద్ధతి వానికి ఇంకను సుళువు: గోతి అడుగున గట్టి కొయ్యదిమ్మ వేసి, దానిపై పట్టాను నిలిపి, చుట్టును మట్టిని దిమ్మిసకొట్టి, జేనెడు పైకి ఉంచిన చాలును. అడుగున దిమ్మ లేనిచో దెబ్బదెబ్బకు భూమిలోనికి దిగిపోవును.

తక్కిన పనిముట్లు

ఆరంభములో కొనవలసినవి నాలుగే: కిలోకు మించని సుత్తె, ఒక ఆకురాయి, ఇనుము నరుకు ఉలి, ఒక తీగబ్రష్షు. క్రొత్త సుత్తె ముఖపు అంచులు పదునుగా నుండును. వాటిని గుండ్రముగా అరగదీయనిచో ప్రతి దెబ్బకును ఇనుముపై గాటు పడును. పట్టకారు వెంటనే కొననక్కఱలేదు. రెండడుగుల చువ్వను కాల్చినచో చల్లని కొనను చేతబట్టియే కొక్కెములు, మేకులు చేయవచ్చును. ఈ చిన్నపనులతో చేయి కుదిరినపిమ్మట తన పట్టకారును తానే చేసికొనవలెను. తన పనిముట్టును తానే చేసికొను భాగ్యము తక్కిన వృత్తులలో అరుదు. బెజ్జములు వేయు మొలలను, తక్కిన ఉలులను పాత లారీ కమాను పట్టీలనుండి చేసికొనవచ్చును. కొడవళ్లకు, కత్తులకు పల్లె కమ్మరులు వాడునది ఆ ఉక్కే.

కొలిమికి భూమిలో గుంట, మట్టిగోడ, ఒక ఇనుప గొట్టము చాలును. తోలుతిత్తి కుట్టువారు నేడు అరుదు. చేతితో త్రిప్పు పంకా దాని పని చేయును. మన మెట్టప్రాంతములలో విరివిగా పెరుగు సర్కారుతుమ్మ బొగ్గు ఈ పనికి మిక్కిలి అనుకూలము. రాక్షసిబొగ్గు ఎక్కువ వేడి నిచ్చును గాని దాని పొగను, మడ్డిని వేగుట క్రొత్తవానికి కష్టము.

జాగ్రత్తలు

తుత్తునాగపు పూతగల గొట్టములను, రేకులను కొలిమిలో పెట్టరాదు. ఆ పొగ పీల్చినవానికి చలిజ్వరము వచ్చును; మిక్కుటమైనచో ప్రాణమునకే ముప్పు. కొలిమి గొట్టము కూడ పూతలేనిదై యుండవలెను. సుత్తెతో ఉత్త దాగలిపై కొట్టరాదు. రెండు గట్టి ఉక్కులు తగిలినచో పెచ్చు ఎగిరి కంటిలో పడును. కంటికి అద్దములు, ఒంటికి నూలుబట్ట, కాలికి మూసిన చెప్పు తప్పనిసరి. నైలాను బట్ట రవ్వ పడినచోట కరగి చర్మమునకు అంటుకొనును. ఎఱుపు తగ్గినంతమాత్రమున ఇనుము చల్లాఱినదని ముట్టరాదు.

సొమ్ము మాట

కేంద్రప్రభుత్వము 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకమున 18 వృత్తులు చేరియున్నవి; కమ్మరము వానిలో ఒకటి. శిక్షణకు రోజునకు 500 రూపాయల భత్యమును, పనిముట్లకు 15,000 రూపాయల వఱకు సహాయమును, హామీ అక్కఱలేని ఋణము మొదట లక్ష, పిదప రెండు లక్షల రూపాయల వఱకు నూటికి 5 వడ్డీతోను అందులో ఏర్పఱచిరి. అయితే అది ఆ వృత్తిని స్వయముగా చేయుచున్నవారికే కాని, చేయవలెనని తలచువారికి కాదు. కావున వరుస ఇట్లుండవలెను: తొలుత పట్టా ముక్క, మొద్దు, సుత్తె, గుంట కొలిమి, పిమ్మట కొక్కెము, పట్టకారు, కొడవలి, ఊరివారు పని తెచ్చి యిచ్చుట మొదలైన తరువాతనే దరఖాస్తు, ఋణము, కొమ్ము దాగలి. ఈ వరుస తలక్రిందులైనచో కొలిమికంటె ముందు వడ్డీయే రాజుకొనును.

గ్రామస్థులకు ఒక్క మనవి. క్రొత్తవాడు చేసిన మొదటి కొడవలి వంకరగా నుండవచ్చును. దానిని చూచి నవ్వక, ఒక మొద్దువాఱిన గునపమును వాని చేతికిచ్చి, న్యాయమైన కూలి చెల్లింపుడు. దాగలిని ఎవడైన కొనగలడు. పని లేనిచో అది మూలబడిన ఇనుమే. గ్రంథాలయమువారు కూడ పాత కమ్మరిపెద్దల నోటినుండి పనిముట్ల పేర్లను, ఇనుమునకు నీరుపట్టించు మర్మములను వ్రాయించి ఒక పుస్తకముగా భద్రపఱచినచో, రాబోవు వారికి మహోపకారము కాగలదు.

స్వస్తి.