చెన్నపురిలో ఒక రాత్రి మకాము



దూరప్రయాణములు చేయు మనవారికి దఱచుగా నొక చిక్కు దటస్థించుచుండును. ఒక రైలు దిగిన పట్టణమున రెండవ రైలు మఱునాటికి గాని యుండదు. నడుమ నొక రాత్రి. ఊరు పెద్దది, భాష వేఱు, చేతిలో మూటలు, మొలలో సొమ్ము. ఆ రాత్రి నెట్లు గడపవలె నను ప్రశ్న స్వల్పముగా దోచును. దానికి నేను నా జీవితమున రెండు మారులు రెండు విధములుగా సమాధానము చెప్పితిని. మొదటి సమాధానమునకు నేటికిని చింతిల్లుచున్నాను.

అది 1987వ సంవత్సరము. మా తండ్రిగారిని వెంటబెట్టుకొని రామేశ్వరయాత్రకు బయలుదేరితిని. నాకప్పటికి ముప్పదియేండ్లు నిండలేదు. మేమెక్కిన బండి దారిలో నాగి నాగి చీకటి పడిన పిదప మదరాసు సెంట్రలు స్టేషను జేరినది. దక్షిణమునకు బోవు బండ్లు ఎగ్మోరు స్టేషనునుండి గదా బయలుదేరును! రామేశ్వరపు బండి అప్పటికే వెడలిపోయినది. మఱునాటి సాయంకాలమువఱకు మేము మదరాసులో నుండక తప్పినది కాదు.

మా తండ్రిగారు వ్యాకరణపండితులు. బాలవ్యాకరణము వారికి గంఠస్థము. ఆ గ్రంథమును రచించిన చిన్నయసూరి ఆ పట్టణముననే కళాశాలలో దెలుగుపండితుడుగా నుండెను. బ్రౌను దొర తన సొంతసొమ్ము వెచ్చించి, పండితులచే వ్రాయించియు శోధింపించియు గాపాడిన తెలుగు తాళపత్రములు నా పట్టణముననే ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున జేరియుండెను. అప్పుడా గ్రంథాలయము సముద్రతీరమున, చేపాకములో, విశ్వవిద్యాలయపు ఆవరణమున నుండెడిది.

మా తండ్రిగారు బల్లమీద గూర్చుండి, కండువాతో మొగము తుడుచుకొని, "అబ్బాయీ! రాత్రి యిక్కడ నడుము వాల్చి, తెల్లవాఱుజామున సముద్రమునకు బోయి వత్తము. ఆ భవనము దారిలోనే యున్నదట. లోనికి బోనీయకున్న మానె, వెలుపలినుండి చూచి వత్తము" అనిరి.

నేను వలదంటిని. "మూట లెవరు చూతురు? త్రోవ తప్పిన నెవరి నడుగుదుము? రేపటి బండి కూడ దప్పిన నేమి గావలెను?" అని గద్దించినట్లే పలికితిని. ఇనుపపెట్టెను గొలుసుతో బల్లకోడునకు గట్టి, తాళము వేసి, దానిమీద గాళ్లు చాచి రాత్రియంతయు మేలుకొంటిని. పగలంతయు ఎగ్మోరులో అట్లే గడచినది. ఆయన మరల నడుగలేదు. రామేశ్వరమున స్నానదర్శనములు చక్కగా జరిగినవి. 1992లో ఆయన కాలధర్మము నొందిరి. కడపటి దినములలో రామేశ్వరమును గూర్చి యొక్కనాడైన మాటాడలేదు. "అంత దగ్గఱకు బోయి వచ్చితిమి" అని మాత్రము రెండు మూడు మారు లనిరి. అందులో నిష్ఠూరము లేదు. ఉన్నచో నాకు గొంత సులువుగా నుండెడిది.

ఇక రెండవ ప్రయాణము. 2020 జనవరిలో సంక్రాంతి వెళ్ళిన పిదప భార్యతో గూడ మరల నదే యాత్రకు బోయితిని. ఈమారు త్రోవలో నొక రాత్రి యుండునని ముందే యెఱిగి, కావలెననియే యట్లు టిక్కెట్లు కొంటిని. మధ్యాహ్నము సెంట్రలులో దిగితిమి.

మొదట సామాను సంగతి. స్టేషనులో సామాను దాచు గది యుండును. దానిని క్లోకురూ మందురు. ప్రయాణపు టిక్కెట్టు చూపి, రుసుము చెల్లించి, చీటి పుచ్చుకొనవలెను. అయితే తాళము లేని సంచిని వారు ముట్టరు. మా యింటిది పచ్చళ్ల జాడీలను దుప్పటిలో జుట్టి త్రాటితో గట్టి తెచ్చినది. ఆ మూటను జూచి గుమాస్తా తల యడ్డముగా ద్రిప్పెను. స్టేషను వెలుపల నొక జిప్పుసంచియు జిన్న తాళమును గొని, జాడీల నందులోనికి మార్చునప్పటికి ముప్పావుగంట పట్టినది. మీరు ఇంటియొద్దనే యా పని చేసికొనుడు. టిక్కెట్టు, ఆధారుకార్డు, మందులు, డబ్బు మాత్రము సంచిలో వేయక యొంటినే యుంచుకొనవలెను.

రెండవది బస. దిగిన స్టేషనువద్ద గాక, మఱునా డెక్కవలసిన స్టేషనువద్ద బసచేయుట మేలు. సెంట్రలునుండి ఎగ్మోరునకు భూమిలోపల బోవు మెట్రోరైలు 2018లో వచ్చినది. నడుమ మఱియొక స్టేషనైన లేదు. కాబట్టి సామానును గూడ ఎగ్మోరులోనే దాచి, చేతిసంచితో దగ్గఱనే గది తీసికొంటిమి. స్టేషను గుమ్మమున "చవుకగది" యని చేయిపట్టుకొను దళారుల మాట వినలేదు. ఆటోవాని మాట మాత్రము వింటిని. బేరమాడకుండ నెక్కి, మూడింతలు సమర్పించుకొంటిని.

మా యింటిదానిది అమరావతికి జేరువపల్లె. ఎగ్మోరుననే పురావస్తు ప్రదర్శనశాల యున్నది. 1851లో స్థాపించినది. శుక్రవారము తప్ప దక్కిన దినముల దెఱచియుందురు. అమరావతి స్తూపపు శిల్పములు పెక్కు లిచ్చటనే యున్నవి. 1797లో మెకంజీ యనునతడు ఆ దిబ్బను జూచెను. 1845లో ఎలియటు దొర త్రవ్వించి రాళ్లను మదరాసునకు దెప్పించెను. వానిలో గొన్ని లండనునకు దరలిపోయినవి. పల్నాటి సున్నపురాయి యది. మనవాండ్రు పాలరాయి యందురు గాని కాదు.

ఆ గదిలో నొక గుండ్రని పలకయం దొక మదపుటేనుగు వీథిని బడి మనుష్యులను ద్రొక్కుచున్నది. మేడకిటికీలనుండి స్త్రీలు తొంగిచూచుచున్నారు. ఆ పలకయందే యా యేనుగు మరల బుద్ధదేవుని పాదములచెంత మోకరిల్లియున్నది. ఒకే రాతిలో రెండు ఘడియల కథ. మా యింటిది దాని యెదుట జాలసేపు నిలిచి, "మా నాయనమ్మ చెప్పెడిది. చిన్ననాడు మా గడప రాయి యొకటి బొమ్మలది యుండెడిదట. దానిమీద బట్ట లుదికెడివారట" అన్నది. నేను నవ్వితిని. ఆమె నవ్వలేదు.

సాయంకాలము తిరువల్లిక్కేణిలో పార్థసారథి దర్శనము చేసికొంటిమి. మూలవిరాట్టునకు మీసము లుండుట యచ్చటి విశేషము. ఊరిపేరు మాట యొకటి చెప్పి ముందుకు సాగెదను. చెన్నపట్టణ మను పేరు దామెర్ల వేంకటాద్రి నాయకుని తండ్రియైన చెన్నప్ప నాయకునిబట్టి వచ్చినది. 1639లో ఇంగ్లీషువారికి గోట గట్టుకొన నేల నిచ్చినవా డా వేంకటాద్రియే. పరాయియూరని జంకువారి కీ సంగతి కొంత ధైర్య మిచ్చును. దుకాణములలో దెలుగు మాటాడినవా రిద్దఱు దొరకిరి.

రాత్రి పెరుగన్నము తిని పెందలకడ బరుంటిమి. తెల్లవాఱక మునుపే సముద్రతీరము జేరితిమి. అచ్చట స్నానము చేయరాదు సుమా! కెరటము వెనుకకు లాగు లాగుడు మిక్కిలి బలమైనది. ఈతగాండ్రే కొట్టుకొనిపోయినారు. ఒడ్డున నిలిచి నీళ్లు తలపై జల్లుకొంటిమి. సూర్యబింబము నీటినుండి వెడలునప్పుడు మా తండ్రిగారి పేరు చెప్పి యర్ఘ్య మిచ్చితిని.

పిదప విశ్వవిద్యాలయపు గుమ్మముకడకు బోయి కావలివానిని గ్రంథాలయ మెక్కడ నని యడిగితిని. వానికి దెలుగు రాదు. నాకు వచ్చిన నాలుగు తమిళపు మాటలలో "ఓలైచ్చువడి" యనున దొకటి. అనగా దాళపత్రగ్రంథము. అది వినగానే వాడు చేయి దక్షిణమునకు జాచి "కొట్టూరుపురం" అనెను. గ్రంథాలయ మచ్చటినుండి లేచిపోయి, అన్నా శతజయంతి గ్రంథాలయ భవనమున జేరి యేండ్లయినదట. ముప్పదిమూడేండ్లు ఆలస్యముగా వచ్చినవానికి ఖాళీ గుమ్మ మెదురైనది.

నేను వెనుదిరుగబోవగా మా యింటిది, "సాయంకాలముదాక బ్రొద్దున్నది గదండీ. నన్ను గదిలో దిగవిడిచి మీరు పోయి రండి" అన్నది. పోయితిని. అచ్చటివారు నన్ను బడిపంతులని యెఱిగి మన్నించిరి. అద్దపుబెట్టెలో నొక తెలుగు తాటాకు విప్పి పెట్టియుండెను. పదము విడదీయని గొలుసువ్రాత. నాలుగు పంక్తులు గూడబలుకుకొని చదువుటకు నాకు అరగంట పట్టినది. మా తండ్రిగారైనచో నాలుగు నిమిషములు పట్టదు.

సాయంకాలము బండికి గంట ముందుగనే ఎగ్మోరు జేరి, సామాను విడిపించుకొని కూర్చుంటిమి. మా బల్లకెదుట నొక పడుచువాడును, అతని తండ్రియు, నడుమ మూడు సంచులు. మాట తెలుగే. వారి బండి మఱునాటి యుదయమునదట. పెద్దాయన సముద్ర మెంత దూరమని యడుగుచున్నాడు. కొడుకు సంచులవంక జూచుచున్నాడు. నేను లేచిపోయి, సామానుగది యేవైపునో, రుసుమెంతయో, ఆటోవానికి ముందుగా నే మాట చెప్పవలెనో వివరించితిని. మా చిన్న తాళము నిచ్చివేసితిని.

మా బండి కదలువఱకు వారు తిరిగి రాలేదు.