అద్దాల తొట్టికీ తోడు వెయ్యాలి



పచ్చగా నిగనిగలాడే బెల్లమంతా మంచి బెల్లం కాదని అనకాపల్లిలో కాపురం చేసే ఇల్లాలికి ఎవరూ చెప్పనక్కర్లేదు. రంగు కోసం హైడ్రోసు కలిపిన దిమ్మ కంటే, కాస్త నల్లగా ఉన్నా మందు కలపని దిమ్మే మేలని మనకి తెలుసు. బెల్లం దగ్గర ఇంత తెలివిగా ఉండే మనం నీళ్ళ దగ్గరకొచ్చేసరికి మాత్రం కంటినే నమ్ముతాం. తేటగా ఉంటే చాలు, మంచి నీళ్ళే అనుకుంటాం. ముందుగదిలో పెట్టుకునే చేపల తొట్టి విషయంలో ఈ నమ్మకమే కొంప ముంచుతుంది. ఇవాళ ఆ సంగతే చెప్పుకుందాం.

సాధారణంగా ఏం జరుగుతుందో చూడండి. విశాఖపట్నం బీచిలో మత్స్యదర్శిని చూసి వచ్చిన పిల్లలు తొట్టి కావాలని పేచీ పెడతారు. ఒక ఆదివారం తొట్టి, గులకరాళ్ళు, మోటారు, వాటితోపాటే ప్లాస్టిక్ సంచిలో పది చేపలు ఇంటికి వచ్చేస్తాయి. సాయంత్రానికల్లా నీళ్ళు నింపడం, చేపల్ని వదలడం అయిపోతుంది. మూడోనాటికి నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబడతాయి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. పదోనాటికి సగానికి సగం తేలిపోతాయి.

ఇక మాటలు మొదలు. తొట్టి ఆ మూల పెట్టకూడదని ఒకరు, ఎవరి దిష్టో తగిలిందని ఒకరు అంటారు. కోడలి చేతికి మూగజీవాలు అచ్చిరావని ఇంకొకరు. ఆ మాట పడ్డవాళ్ళకి తెలుస్తుంది దాని బరువు. మరోపక్క, తాను వేసిన గుప్పెడు మేత వల్లనే చేప చచ్చిపోయిందేమోనని పిల్లవాడు రాత్రంతా కుమిలిపోతాడు. నిజానికి అది మూల దోషమూ కాదు, చేతి దోషమూ కాదు. నీళ్ళలో పేరుకుపోయిన అమ్మోనియా దోషం.

చేప తన మొప్పల గుండానే అమ్మోనియా బయటికి వదులుతుంది. మిగిలిపోయిన మేత కుళ్ళినా అదే పుడుతుంది. పెద్ద చెరువులో అయితే అది నీళ్ళలో పలచబడుతుంది, మట్టీ మొక్కలూ తీసుకుంటాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో పట్టేది 54 లీటర్లే. అందులో పుట్టిన విషం ఎటు పోతుంది? పైగా దానికి రంగు లేదు. చేపని చంపేంత ఉన్నా మన ముక్కుకి వాసన తెలియదు.

ఈ విషానికి ప్రకృతిలోనే విరుగుడు ఉంది. ఒక రకం సూక్ష్మజీవులు అమ్మోనియాని నైట్రైటుగా మారుస్తాయి. ఇంకో రకం ఆ నైట్రైటుని నైట్రేటుగా మారుస్తాయి. మధ్యలో వచ్చే నైట్రైటు కూడా విషమే. అది చేప నెత్తుటికి ప్రాణవాయువును మోసే శక్తి లేకుండా చేస్తుంది. చివరికి మిగిలే నైట్రేటు కొద్దిగా ఉంటే చేపలు ఓర్చుకుంటాయి, మొక్కలకి అది ఎరువు కూడాను. సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రజ్ఞుడు 1890 ప్రాంతంలో స్విట్జర్లాండులోని జ్యూరిచ్‌లో పనిచేస్తూ, ఈ సూక్ష్మజీవుల్ని మట్టి నుంచి వేరుచేసి చూపించాడు. చెరకు తోటలో చల్లిన యూరియాని పైరుకి అందే నైట్రేటుగా మార్చేదీ ఇలాంటివే. 1913లోనే వ్యవసాయ పరిశోధనా స్థానం వెలసిన ఊరు మనది. ఆ చెరకు నేలలో జరిగే పనే మన అద్దాల తొట్టిలోనూ జరగాలన్నమాట.

అయితే కొత్త తొట్టిలో ఈ పని చేసేవాళ్ళు ఉండరు. తోడు వెయ్యని పాలగిన్నె లాంటిది అది. పాలు ఎంత చిక్కనివైనా తోడు పడందే పెరుగవుతాయా? తేడా ఏమిటంటే, పెరుగు ఒక్క రాత్రిలో తోడుకుంటుంది, తొట్టి తోడుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ సూక్ష్మజీవులు అంత నిదానంగా పెరుగుతాయి. ఇవి నీళ్ళలో తేలుతూ ఉండేవి తక్కువ. ఫిల్టరులోని స్పాంజినీ, గులకరాళ్ళనీ పట్టుకుని ఉంటాయి. ఇలా వాటిని పెంచి తొట్టిని సిద్ధం చేసుకోవడాన్నే చేపలు పెంచేవాళ్ళు సైక్లింగ్ అంటారు.

ఇక పద్ధతి చెబుతాను. ముందు నీళ్ళ సంగతి. మునిసిపాలిటీ కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. అది మనకి మేలు చేసేదే గానీ చేపలకీ, ఈ సూక్ష్మజీవులకీ పడదు. వెడల్పాటి టబ్బులో ఒక రోజంతా మూత లేకుండా ఉంచండి, లేదా అక్వేరియం దుకాణంలో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు వెయ్యండి. బోరు నీళ్ళయితే క్లోరిన్ బెడద లేదు. వాటిలో పప్పు సరిగా ఉడక్కపోయినా, గిన్నెలకి తెల్లటి పొర కట్టినా అవి కఠిన జలం అని గుర్తు. గప్పీలు, మోలీలు అటువంటి నీళ్ళలో హాయిగా బతుకుతాయి. తాగడానికి పెట్టుకున్న ఆర్‌వో మిషను నీళ్ళు శ్రేష్ఠమని మాత్రం వాటితోనే తొట్టి నింపకండి. లవణాలు తీసేసిన ఆ నీళ్ళు నిలకడగా ఉండవు, పులుపెక్కుతాయి. పులుపెక్కిన నీళ్ళలో సూక్ష్మజీవులు పని మానేస్తాయి.

తొట్టి నింపి, ఫిల్టరూ గాలి మోటారూ రాత్రింబవళ్ళు నడవనివ్వండి. చేపల్ని మాత్రం వదలొద్దు. మరి చేపలు లేకపోతే సూక్ష్మజీవులకి ఆహారం ఎలా? బజారులో కొన్న పచ్చి రొయ్య ఒకటి పలచటి గుడ్డలో మూటకట్టి తొట్టిలో వేలాడదీయండి. అది కుళ్ళి అమ్మోనియా పుడుతుంది. వాసన గిట్టనివాళ్ళు, శాకాహారులు రోజూ చిటికెడు చేపల మేత వెయ్యొచ్చు. తెలిసినవాళ్ళింట్లో ఆరోగ్యంగా నడుస్తున్న పాత తొట్టి ఉంటే, దాని ఫిల్టరులోని స్పాంజి ముక్క అడిగి తెచ్చుకోండి. ఇరుగింటి నుంచి గరిటెడు పెరుగు తెచ్చుకున్నట్టే. ఆ ముక్కని తడి ఆరకుండా ఆ తొట్టి నీళ్ళలోనే తెచ్చి మీ ఫిల్టరులో పెడితే, ఆరు వారాల పని చాలా త్వరగా అవుతుంది. ఈ సూక్ష్మజీవులకి వెచ్చదనం ఇష్టం కనక మన కోస్తా ఎండలు ఇక్కడ మనకి చుట్టాలే.

తోడుకుందో లేదో ఎలా తెలుస్తుంది? పెరుగైతే గిన్నె వంచి చూస్తాం. ఇక్కడ పరీక్ష చెయ్యాల్సిందే. అమ్మోనియా, నైట్రైటు, నైట్రేటు, పీహెచ్ చూసే చుక్కల కిట్లు దొరుకుతాయి. చిన్న గాజు గొట్టంలో గీత దాకా తొట్టి నీళ్ళు పోసి, చెప్పినన్ని చుక్కలు వేసి, ఊపి, చెప్పినంతసేపు ఆగి, వచ్చిన రంగుని కార్డుతో పోల్చాలి. తెల్ల కాగితం అడ్డుపెట్టి పగటి వెలుతుర్లో చూడండి, రాత్రి దీపాల కింద రంగులు మోసం చేస్తాయి. నైట్రేటు సీసాల్లో ఒకదాన్ని గట్టిగా కుదపమని కిట్టులో రాసి ఉంటే తప్పక కుదపండి. మందు అడుగున పేరుకుంటే లెక్క తక్కువ చూపిస్తుంది. పాల లెక్క రాసుకునే కాలెండరులోనే రెండు రోజులకొకసారి ఈ అంకెలూ వేసుకోండి.

మొదట అమ్మోనియా పెరుగుతుంది. అది లీటరుకి 2, 3 మిల్లీగ్రాములకి చేరితే రొయ్య మూట తీసేసి, ఆపైన మేతతో నెట్టుకురండి. రెండు మూడు వారాలకి అమ్మోనియా దిగుతూ నైట్రైటు ఎక్కుతుంది. ఆ తరువాత నైట్రైటు దిగి నైట్రేటు కనబడుతుంది. రోజూ మేత వేస్తున్నా అమ్మోనియా, నైట్రైటు రెండూ వారంపాటు సున్నా దగ్గరే నిలిస్తే తొట్టి తోడుకున్నట్టు. అప్పుడు ముప్పాతిక నీళ్ళు మార్చి, రెండో మూడో చిన్న చేపల్ని వదలండి. వారం చూసి ఇంకో రెండు. 54 లీటర్లకి ఏడెనిమిది చిన్న చేపలు చాలు.

పీహెచ్ ఎందుకు చూడాలంటారా? పీహెచ్ 7 దగ్గర ఉన్నప్పటి కంటే 8 దగ్గర అదే అమ్మోనియా సుమారు పది రెట్లు విషమవుతుంది. ఎండాకాలం నీళ్ళు వేడెక్కితే ఇంకా ఎక్కువ. ఇది షోకు వ్యవహారం అనుకోకండి. భీమవరం, కైకలూరు వైపు చేపల, రొయ్యల రైతులు తమ చెరువు నీళ్ళకి చేయించేవీ ఇవే పరీక్షలు. అక్కడ అప్పు చేసి వేసిన పంట నిలవడం, పోవడం ఆ అంకెల మీద ఉంటుంది.

మధ్యలో మనం చేసే పొరపాటు ఒకటుంది. మొదటి వారంలో నీళ్ళు తెల్లబడగానే, శుభ్రత తెలిసిన ఇల్లాలు ఊరుకోలేదు. తొట్టంతా ఖాళీ చేసి, రాళ్ళు సబ్బుతో తోమి, స్పాంజి కుళాయి కింద పిండుతుంది. దాంతో వేసిన తోడు కాస్తా కడిగి పారబోసినట్టే. ఆ తెలుపు దానంతటదే పోతుంది, ఓపిక పట్టండి. తరువాతైనా సరే, స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే జాడించాలి. సబ్బు మాటే వద్దు. వారానికొకసారి పావు వంతు నీళ్ళు మారిస్తే నైట్రేటు అదుపులో ఉంటుంది. కరెంటు గంటల తరబడి పోతే ఫిల్టరులోని జీవులకీ ఊపిరాడదు. స్పాంజిని బయటికి తీసి తొట్టి నీళ్ళలోనే తేలేలా ఉంచండి.

ఇప్పటికే చేపలు వదిలేసినవాళ్ళు కంగారు పడకండి. రోజు విడిచి రోజు కొంచెమే మేత వెయ్యండి. రోజూ పరీక్షించి, అమ్మోనియాగానీ నైట్రైటుగానీ కనబడితే మూడో వంతు నుంచి సగం దాకా నీళ్ళు మార్చండి. నైట్రైటు ఎక్కువైనప్పుడు 54 లీటర్లకి ఒక చెంచాడు ఉప్పు కరిగించి పోస్తే ఆ విషం చేప ఒంట్లోకి పోవడం తగ్గుతుంది.

నెలా నెలన్నర ఖాళీ తొట్టి చూస్తూ కూర్చోమంటే పిల్లలు వింటారా అని మీరడగొచ్చు. రంగులు చూసి అంకెలు రాసే పని వాళ్ళకే అప్పగించండి. పచ్చరంగు పసుపులోకి దిగిందా లేదా అని బడి నుంచి రాగానే వాళ్ళే పరుగెత్తుతారు. ఆ తరువాత ఎప్పుడైనా ఒక చేప పోయినా, ఎందుకు పోయిందో ముందు ఆ కాలెండరులో వెతుకుతారు గానీ అమ్మ చేతిలో వెతకరు.