డప్పు మనది, పద్దు ఎవరిది?

(మా వాడలో అంబేద్కర్ విగ్రహం కాడ జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

ఒక పిల్ల చదువు గురించి ఇంత సభ ఎందుకని కొందరు నవ్వుతున్నరు. నవ్వనీయండి. మన ఇండ్లల్ల ఒక పిల్ల చదువు ఎన్నడూ ఒక్క ఇంటి సంగతి కాలేదు. మా ఇంట్ల మొదటి డిగ్రీ మాదే. మా నాయనకు వేలిముద్రే వచ్చు. మేము కాలేజీకి పోయేనాడు బస్సు కిరాయి ఈ వాడ చందా వేసి ఇచ్చింది. ఆ బాకీ ఇంకా తీరలేదు. అందుకే నిలబడి మాట్లాడుతున్నం.

సంగతి మీకు తెలిసిందే. మన వాడ పిల్ల సర్కారు కాలేజీలో బీఏ పాసైంది. బీఈడీ చేయమంటే వద్దన్నది. గ్రూప్ పరీక్షలకు కూర్చోమంటే వద్దన్నది. "యూనివర్సిటీలో కళలు చదువుత. కళా ప్రదర్శనలు, ఉత్సవాలు, సభలు ఎట్ల నడపాలెనో ఆ చదువు చదువుత" అన్నది. ఈవెంట్ మేనేజ్‌మెంట్ అని పట్నంల అంటున్నరు గదా, కళలకు సంబంధించి ఆ చదువే. దాని మీద వాడలో మూడు మాటలు లేచినయి. మూడింటికీ జవాబు చెప్పాలె.

మొదటి మాట పిల్ల తండ్రిది. మాకు అన్న వరస. ఆయన అడిగిండు: "సారూ, నా చేతుల నుంచి డప్పు గుంజుకున్నది మీరే గదా. మళ్ల నా బిడ్డను ఆ పనికే పంపుతరా?"

ఈ మాట మా గుండెల దిగింది. ఎందుకంటే నిజం. దొర ఇంట్ల సావైతే డప్పు మనదే. ఊరి జాతరైతే డప్పు మనదే. చాటింపు మనదే. కూలి మాత్రం ఇంత కల్లు, ఇంత మిగిలిన బువ్వ. కొట్టనంటే తన్నులు. మేము పదో తరగతి చదివేనాడు వాడ పెద్దలు కూర్చుండి ఇక వెట్టి డప్పు కొట్టమని తీర్మానం చేసిండ్రు. ఊరు మనల్ని వెలి వేసింది. రెండు నెలలు ఎవ్వరూ కూలికి పిలువలేదు. అయినా మనం వంగలేదు. ఆ ఊపులో మా ఈడు పిల్లలం ఇల్లిల్లూ తిరిగి డప్పులు గుంజుకొచ్చినం. ఈ అన్న డప్పు కూడ మేమే తెచ్చినం. అప్పుడు ఆయన ఏమనలేదు, ఊకున్నడు.

వెట్టిని కాదనడం తప్పు కాదు. ఆ పని మళ్ల చేయాల్సి వచ్చినా చేస్తం. కాని ఆ కోపంల మేము ఒకటి మరిచినం. తప్పు డప్పులో లేదు. ఎవడి హుకుం మీద అది మోగుతున్నదో అక్కడున్నది తప్పు. 1994లో మాదిగ దండోరా లేచినప్పుడు అదే డప్పు మన హక్కుల కోసం మోగలేదా? మొన్నటిదాకా సిగ్గుపడ్డ వాద్యాన్ని ఎత్తుకొని పేరు వెనుక కులం పేరు పెట్టుకొని మనవాళ్లు రోడ్ల మీదికి రాలేదా? చర్మం అదే, చిర్ర అదే, చిటికెన పుల్ల అదే. మారింది హుకుం.

అన్నా, నీ బిడ్డ డప్పు కొట్టడానికి పోతలేదు. డప్పు ఎక్కడ మోగాలె, ఎంతసేపు మోగాలె, కొట్టినోడికి ఎంత ముట్టాలె అని నిర్ణయించే కుర్చీల కూసోవడానికి పోతున్నది.

రెండో మాట ఇరుగుపొరుగుది. "పెండ్లిళ్లకు పూలు కట్టే పనికి యూనివర్సిటీ ఎందుకు?"

పూలు కట్టుడే అయితే ఎందుకూ అవసరం లేదు. కాని ఒక సభ నడపడమంటే ఏందో మన చరిత్రనే అడుగుదాం. 1927 మార్చి 19, 20 తేదీల్లో మహాడ్‌లో బాబాసాహెబ్ సభ పెట్టిండు. వేల మంది వచ్చిండ్రు. ఆ ఊళ్లె మనవాళ్లకు చెరువు నీళ్లు ముట్టనీయరు. మరి అంతమందికి తాగడానికి నీళ్లు ఎట్ల? 40 రూపాయలు పెట్టి నీళ్లు కొన్నరు. చెరువు నీళ్ల హక్కు కోసం పెట్టిన సభకు ముందు కొన్న నీళ్ల లెక్క రాయాల్సి వచ్చింది. అదే ఏడు డిసెంబరులో మళ్ల సభ. సభకు జాగ ఎవ్వరూ ఇయ్యలేదు. ఫత్తేఖాన్ అనే ముస్లిం తన జాగ ఇచ్చిండు. ఊరి షావుకార్లు సామాన్లు అమ్మకపోతే తిండిగింజలు బయటి నుంచి తెప్పించిండ్రు. డిసెంబరు 25న మనుస్మృతిని తగలబెట్టిన సంగతి అందరం చెప్పుకుంటం. ఆ రోజు అంతమందికి బువ్వ పెట్టినోళ్ల సంగతి ఎవరం చెప్పుకోం.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మంది బౌద్ధం తీసుకున్నరు. ఆ ఏర్పాట్లు చూసినవాడు వామనరావు గోడ్‌బోలే. మైదానం వెతకాలె, మంచినీళ్లు పెట్టాలె, జనం తోపులాట లేకుండ చూడాలె. ఇట్లాంటి పనులు సరిగ నడవకపోతే ఎంత గొప్ప నాయకుడు ఎంత గొప్ప మాట చెప్పినా జనానికి అందదు.

నడపడం రాకపోతే ఏమైతదో కూడ చూసినం. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల మొదటి రోజే రాజమండ్రి ఘాట్‌లో తొక్కిసలాటై పాతిక మందికి పైగా చచ్చిపోయిండ్రు. ఏ దారిన రావాలె, ఏ దారిన పోవాలె, ఒక జాగల ఎంతమంది పట్టుతరు అని ముందే లెక్కగట్టుడు ఈ చదువులో ఒక పాఠం. ఇది పూలు కట్టుడు కాదు, ప్రాణాలు కాపాడుడు.

ఇగ పద్దు సంగతి. మన మండలంల ఒక డప్పుల జట్టు ఉన్నది. పన్నెండు మంది పిల్లలు. పట్నంల ఒక పెండ్లికి ఏజెంటు పిలిచిండు. 15 వేలకు ఒప్పుకున్నరు. బండి కిరాయి 3 వేలు వాళ్ల మీదే పడ్డది. మిగిలింది 12 వేలు, తలా వెయ్యి. నాలుగు గంటలు నిలబడి కొడితే చేతులు బొబ్బలెక్కినయి. తర్వాత తెలిసింది, పెండ్లివాళ్లు డప్పుల కింద ఏజెంటుకు ఇచ్చింది 40 వేలని. రెండు ఫోన్లు చేసినందుకు 25 వేలు. ఒప్పంద కాగితం లేదు. బయానా రసీదు లేదు. ఎవర్ని అడుగుతం?

ఆ యూనివర్సిటీ చదువుల్ల నేర్పేది ఇదే. బడ్జెటు రాయుడు, ఒప్పందం రాయుడు, నిధులు అడుగుడు, మైకుకు పోలీసు అనుమతి తీసుకొనుడు, కళాకారుల హక్కులు తెలుసుకొనుడు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం మైకుకు రాతపూర్వక అనుమతి కావాలె. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట మైకు పెట్టొద్దు. ఈ ముక్క తెలవకనే మన సభలకు మైకులు పట్టుకపోతున్నరు. కాపీరైటు చట్టం 1957 నాటిది. 1994లో దాన్ని సవరించి పాడేవాడికి, ఆడేవాడికి, వాయించేవాడికి హక్కు రాసిండ్రు. నీ ఆటపాటను నీ అనుమతి లేకుండ రికార్డు చేసి అమ్ముకోవద్దు. ఆ హక్కు 50 ఏండ్లు ఉంటది. 2012 సవరణతో, నీ ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే నీకు రాయల్టీ అడిగే హక్కు కూడ వచ్చింది. మన పాటలు ఎంతమంది రికార్డు చేసుకపోయిండ్రు? ఎవరికన్న ఒక్క పైస వచ్చిందా?

దర్శనం మొగిలయ్యను చూడండి. దక్కలి బిడ్డ, పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తడు. మాదిగల కథ చెప్పే కులం వాళ్లది. సినిమా పాటలో ఆయన గొంతు ఊరూరా మోగింది. 2022లో పద్మశ్రీ ఇచ్చిండ్రు. 2024లో ఆయనే హైదరాబాదు పక్కన కట్టడం పనికాడ కూలి చేస్తున్నడని పేపర్లు రాసినయి. బిరుదు మెడల పడ్డది, బువ్వ మాత్రం తట్టల మోసుకోవాల్సి వచ్చింది. కళ ఆయనది. దాని చుట్టూ ఉండాల్సిన పద్దు, ఒప్పందం, రాబడి చూసే మనిషి మనోడు ఒక్కడు లేడు. ఆ జాగ ఖాళీగ ఉన్నది. ఆ పిల్ల కూసుంటనంటున్నది ఆ జాగలనే.

కూసుంటే ఏమైతదో తమిళనాడు చూపించింది. మార్గళి నెలలో మద్రాసు సభల్లో కర్ణాటక సంగీతం కచేరీలు నడుస్తయి. ఆ వేదికల మీద పరై వాద్యానికి చోటు లేదు. దర్శకుడు పా. రంజిత్ నడిపే నీలం సంస్థ 2020 డిసెంబరులో అదే నెలలో, అదే పట్నంల జనం సంగీతం పేరిట సొంత ఉత్సవం మొదలుపెట్టింది. పరై వచ్చింది, గానా పాట వచ్చింది, సావు పాట కూడ వేదిక ఎక్కింది. చోటియ్యండని బతిమాలలేదు. వేదికే కట్టుకున్నరు. కట్టడం వచ్చినోళ్లు ఉన్నరు గనుక కట్టుకున్నరు.

మూడో మాట తల్లిది. వదిన సభలో అడగలేదు, మా ఇంటికొచ్చి చాటుగ అడిగింది. "రోహిత్ చదివింది ఆ యూనివర్సిటీల్నే గదా తమ్మీ?"

అవును వదినా. అదే యూనివర్సిటీ. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు పేరు మీద కళల స్కూలు ఉన్నది. నాటకం, నాట్యం, బొమ్మలు, ప్రసార మాధ్యమాలు నేర్పుతరు. పిల్ల అడుగుతున్నది అక్కడ నాటక విభాగం. ముందు నాటకం నేర్చుకొని తర్వాత నిర్వహణ చదువుత అంటున్నది. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనకు దూరమైంది ఆ ఆవరణలోనే. హాస్టల్ నుంచి గెంటిండ్రు, ఫెలోషిప్ పైసలు ఆగినయి. నీ భయం ఉత్త భయమని మేము చెప్పం. కాని ఆ గేటు మూసుకొని వాళ్లకే అప్పజెప్పుదామా? అక్కడ అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ 1990ల నుంచి ఉన్నది. పిల్ల ఒంటరిగ పోదు. మొదటి రోజు మనం పదిమందిమి పోయి ఆ పిల్లలకు అప్పజెప్పి వద్దాం. నెలకొకసారి ఎవరో ఒకరు పోయి చూసి వద్దాం.

పైసల సంగతి. 1944లో, బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్‌లో ఉన్న కాలంలో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఈనాటికీ ఉన్నది. దాని కాగితాలు మేము చూసుకుంటం. విదేశం పోయి చదివే ఎస్సీ పిల్లలకు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ కూడ ఉన్నది గాని, 2022లో దాని నిబంధనలు మార్చిండ్రు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర మీద చదివేటోళ్లకు ఇయ్యమన్నరు. అంటే బయటి దేశం పోయి మన డప్పు గురించి, మన చిందు గురించి చదువుతనంటే పైసలు రావు. మన కథ మనం బయట చెప్తే ఎవరికి నొప్పి? ఆలోచించండి.

ఒక హెచ్చరిక. ఈవెంట్ మేనేజ్‌మెంట్ పేరు మీద పట్నంల బోర్డులు మస్తుగ ఉన్నయి. లక్షలు కట్టించుకొని, ట్రైనింగ్ అని చెప్పి పిల్లల చేత కుర్చీలు మోయించే దుకాణాలు కూడ ఉన్నయి. చేరకముందు మూడు అడగండి. యూజీసీ గుర్తింపు ఉన్న డిగ్రీనా? స్కాలర్‌షిప్ వర్తిస్తదా? ట్రైనింగ్‌ల చేసే పనికి పైసలు ఇస్తరా? మూడింటికీ సరైన జవాబు రాకపోతే వాపస్ రండి. కుర్చీలు మోయడానికి మనకు ట్రైనింగ్ అక్కర లేదు, తాతల నాటి నుంచీ మోస్తనే ఉన్నం.

చివరకొక మాట. ఇది మన మీద మనం చెప్పుకోవాల్సింది. పోయిన ఏప్రిల్ 14న ఇదే విగ్రహం కాడ జయంతి చేసినం. డప్పుల జట్టును పిలిచినం. పొద్దుమూకిందాక కొట్టించినం. బువ్వ పెట్టి పంపినం. పైసలు ఇయ్యలేదు. "ఉద్యమం గదా" అన్నం. వంట చేసింది ఆడోళ్లు, వేదిక మీద ఒక్క ఆడమనిషి లేదు. చందా లెక్క ఎవరం చదవలేదు. దొర కల్లు పోసి పంపిండు, మనం బువ్వ పెట్టి పంపినం. తేడా ఏంది? ఆ సభ నడిపింది మేమే. తప్పు మాదే. ఒప్పుకుంటున్నం.

అందుకే ఈ రోజు మూడు తీర్మానాలు అడుగుతున్నం. ఒకటి, పిల్ల మొదటి ఏడు హాస్టల్ ఖర్చుకు ఇంటికింత అని చందా వేద్దాం. రెండు, వచ్చే జయంతికి డప్పు జట్టుకు కూలి ముందే రాసుకొని, బయానా ఇచ్చి పిలుద్దాం. మూడు, ఆ జయంతి పద్దు పుస్తకం ఆ పిల్ల చేతికే ఇద్దాం, లెక్క మైకులో చదివిద్దాం.

అన్నా, ముప్పై ఏండ్ల కింద నీ చేతుల నుంచి డప్పు గుంజుకున్నం. ఆనాడు నీకు బదులుగ ఏమీ ఇయ్యలేదు. ఈ రోజు నీ బిడ్డ చేతికి పద్దు ఇస్తమంటున్నం. సరేనా?

జై భీమ్!