పరికరం పక్కన ఒక మనిషి



ఈ తెలుగు బడిలో పట్టా అందుకుంటున్న విద్యార్థులారా, తెలుగు నేర్చుకుని ఏం చేస్తావని మీ స్కూల్లో ఎవరో ఒకరు అడిగే ఉంటారు. ఆ చదువుతో చేయగల పని ఒకటి మీ ఇళ్లలోనే ఉంది. అది చెబుదామనే వచ్చాను.

వినికిడి యంత్రం, చేతికర్ర, చక్రాల కుర్చీ వంటి సహాయక సాధనాలు ప్రపంచంలో 250 కోట్ల మందికి పైగా అవసరమనీ, దాదాపు 100 కోట్ల మందికి అందడం లేదనీ 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ లెక్క చెప్పాయి. వినగానే మనసు పేద దేశాల వైపు పోతుంది. కానీ మనముంటున్న ఇల్లినాయ్‌లోని నేపర్‌విల్‌లోనూ మాట సరిగా వినపడక, నవ్వి తలూపి ఊరుకునే పెద్దవాళ్లున్నారు.

సదుపాయాలు లేక కాదు. 1988 నాటి అమెరికా ఫెడరల్ చట్టంతో మొదలై, ఇప్పుడు ప్రతి రాష్ట్రంలోనూ ఇలాంటి సాధనాలు అందేలా చూసే కార్యక్రమం నడుస్తోంది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని ఇల్లినాయ్ అసిస్టివ్ టెక్నాలజీ ప్రోగ్రామ్ పరికరాలను ఉచితంగా ఎరువిస్తుంది. కొనేముందు వాడి చూసుకోవచ్చు. 2022 అక్టోబరు నుంచి, వినికిడి లోపం ఓ మోస్తరుగా ఉన్న పెద్దలు ప్రిస్క్రిప్షన్ లేకుండానే వినికిడి యంత్రం కొనుక్కోవచ్చు. అయితే ఇక్కడ ఉద్యోగం చేయకుండా గ్రీన్ కార్డు మీద వచ్చిన పెద్దలు సాధారణంగా ఐదేళ్లు ఉంటే గానీ వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కొనుక్కోలేరు. కొన్నా, అందులోని మూల పథకం ఒరిజినల్ మెడికేర్ వినికిడి యంత్రానికి డబ్బివ్వదు. ఆపైన ఇంగ్లిషు ఫారాలు. వాటికి తోడు, ‘ఈ వయసులో నాకెందుకురా ఖర్చు’ అనే మొహమాటం.

ఎలాగో కొన్నది కూడా సొరుగులోకి చేరుతుంది. కొత్త యంత్రం పెట్టుకున్న మొదట్లో గిన్నెల చప్పుడు కూడా ఉరుములా వినిపించవచ్చు. అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుందని చెప్పేవాళ్లు లేక తీసేస్తారు. చేతికర్ర సంగతీ అంతే. చెప్పులేసుకుని నిటారుగా నిలబడి చేయి కిందికి వదిలితే, చేతికర్ర పిడి మణికట్టు ఎత్తుకు రావాలి. ఆ కొలత చూసేవాళ్లుండరు. ఆండ్రాయిడ్ ఫోన్లో లైవ్ ట్రాన్‌స్క్రైబ్ అనే యాప్ ఎదుటివాళ్ల తెలుగు మాటల్ని అక్షరాల్లో చూపిస్తుంది. టాక్‌బ్యాక్ అనే సదుపాయం తెర మీదున్నది తెలుగులో చదివి వినిపిస్తుంది. రెండూ ఉచితమే. సెట్టింగ్స్ వెతికి, పక్కన కూర్చుని నేర్పే మనిషే కరువు.

అలాంటి మనిషి ఒకరు ఉంటే ఏమవుతుందో చూడండి. మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపు లేకుండా పుట్టిన బొల్లా శ్రీకాంత్, సైన్సు చదవడానికి కోర్టుకెక్కాల్సి వచ్చింది. కోర్టు అనుమతిచ్చింది, పుస్తకాలు మాత్రం అచ్చులోనే ఉన్నాయి. ఒక టీచరు పాఠాలను ఆడియోలోకి మార్చి ఇచ్చారు. ఆయన వాటిని విని చదివారు, ఎంఐటీకి వెళ్లారు, తిరిగొచ్చి బొల్లాంట్ పరిశ్రమ స్థాపించారు. కోర్టు ఇచ్చిన హక్కు చేతికందడానికి ఆ టీచరు శ్రమ కూడా కావలసి వచ్చింది.

ఆ శ్రమ మీరూ చేయగలరు. ఫారం ఇంగ్లిషులో చదివి తాతయ్యకు తెలుగులో చెప్పగలిగేది మీరే. అయితే ఏం కావాలో వాళ్ల అబ్బాయిని కాదు, తాతయ్యనే అడగండి. ఫోను లాక్కుని మీరే నొక్కేయకండి. నాలుగుసార్లు తప్పు నొక్కినా ఆయన్నే నొక్కనివ్వండి. నేర్పి వదిలేయకుండా వారం తర్వాత మళ్లీ వెళ్లండి. సొరుగులోకి పోయేదీ లేనిదీ తేలేది అప్పుడే.

నేపర్‌విల్ పబ్లిక్ లైబ్రరీకి మూడు భవనాలున్నాయి, కూర్చుని నేర్పడానికి అక్కడికి వెళ్లవచ్చు. పక్క ఊరు అరోరాలోని బాలాజీ గుడికి మన పెద్దవాళ్లు ఎలాగూ వస్తారు. ఇద్దరిద్దరు జట్టు కట్టి, ఇంటి పెద్దలతో మొదలుపెట్టి, తర్వాత ఎదురింటి తెలుగు రాని పెద్దాయన దగ్గరికీ వెళ్లండి. ఈ సాయం మనవాళ్ల దగ్గరే ఆగిపోకూడదు.

మీరు నేర్చుకున్నది పదిమందికీ పనికిరావాలని ఆశీర్వదిస్తున్నాను.