ఉపగ్రహానికి చప్టా తెలియదు



నేను ఇంజనీరునని పొద్దున్నుంచీ నా చేతిలో ఫోన్లు పెడుతున్నారు. "ఒరే, అప్‌డేట్ చేయమంటోంది, నొక్కమంటావా?" అని ఒకరు, "కొత్తది కొనాలా?" అని ఇంకొకరు. నొక్కండి. చాలా అప్‌డేట్లు ఫోనులోని లోపాలను పూడ్చడానికే వస్తాయి. పాతది పనిచేస్తుంటే కొత్తది ఎందుకు? ఆ సంగతి అంతే. నేను చెప్పదలచుకున్నది దారి చూపే యాప్ గురించి.

భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు ఎప్పుడూ టైము చెబుతుంటాయి. మన ఫోను కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందుకుని, అవి ఎంతసేపటికి చేరాయో లెక్కగట్టి, తానెక్కడుందో తేల్చుకుంటుంది. 2000 మే నెల దాకా అమెరికా ఆ సంకేతాల్లో కావాలనే తేడా కలిపేది. మన నావిక్ ఉపగ్రహాల్లో మొదటిది 2013 జులై 1న శ్రీహరికోట నుంచే లేచింది. ఇంతవరకు లెక్క గట్టిదే.

అయితే ఉపగ్రహం చెప్పేది మనం ఎక్కడున్నామో మాత్రమే. ముందు రోడ్డు ఉందో లేదో చెప్పాల్సింది మ్యాపు. మ్యాపుకు ఆ కబురు మనుషులే అందించాలి. మన తెలుగువాడు లలితేష్ కట్రగడ్డ గూగుల్‌లో ఉండగా తెచ్చిన మ్యాప్ మేకర్ అందుకే పుట్టింది. 2008 నుంచి ఎవరి ఊరి దారులు వారే గీసుకున్నారు. 2017లో దాన్ని మూసేశారు గానీ, గూగుల్ మ్యాప్స్‌కు, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కు ఇప్పటికీ ఎవరైనా సవరణలు పంపవచ్చు.

2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర యాప్ చూపిన దారిన వెళ్లిన కారు సగంలో తెగిన వంతెన మీద నుంచి నదిలో పడింది. ముగ్గురు పోయారు. వంతెన తెగిన సంగతి చుట్టుపక్కల ఊళ్లలో తెలియనిది ఎవరికి?

మన మండలంలోనూ అంతే. కట్టలేరు పొంగితే ఏ చప్టా మునుగుతుందో, ఏ డొంకలో బండి దిగబడుతుందో ఇక్కడి పశువుల కాపరికి తెలుసు, ఫోనుకు తెలియదు. అర్ధరాత్రి పురిటినొప్పులని పిలిస్తే వచ్చే 108 డ్రైవరు ఈ ప్రాంతం వాడు కాకపోతే? పైగా పేరు సగం కొట్టేసరికి పెనుగొండ, పెనుకొండ, పెనుగంచిప్రోలు అన్నీ ముందుకొస్తాయి. పెద్ద కొలను ఉన్న ఊరని ఇంగ్లీషు అక్షరాలకు ఏం తెలుసు!

భోజనాలయ్యాక వరండాలో కూర్చుంటాను. దారులు తెలిసిన పెద్దలు రండి, ఫోను తెలిసిన పదో తరగతి పిల్లలు రండి. మునిగే చోట్లు పెద్దలు చెబితే పిల్లలు ఎక్కిస్తారు. పేర్లు మాత్రం తెలుగులోనూ రాయాలి, గుణింతాలు మాస్టార్లు చూస్తారు. బడి గేటు దగ్గర మొదలుపెడదాం. నా ఫోనులో ఛార్జింగ్ సగమే ఉంది, ఎవరైనా ఛార్జరు తెచ్చుంటే ఇవ్వండి.