చలికాలమున ఇంటిలోని నిప్పు



మార్గశిరము ప్రవేశించినది. తెల్లవారుజామున అరుగులమీద కూర్చుండు పెద్దలు కంబళ్లు దులిపి కప్పుకొనుచున్నారు. వీధి మొగలయందు చితుకులు పోగుచేసి చలిమంటలు వేయుచున్నారు. ఇక కొలదిదినములలో భోగి. ఇట్టి కాలమున నిప్పును మించిన చుట్టము మనకు లేడు. ఆ చుట్టమును గూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని. చుట్టము మంచివాడే, కాని ఆతని నెక్కడ కూర్చుండబెట్టవలెనో, ఎప్పుడు సాగనంపవలెనో యెరుగని యింటికి కీడు మూడును. ఇది పుస్తకములు చూచి చెప్పెడు మాట మాత్రమే కాదు. మా యింట జరిగినదానినిబట్టి చెప్పుచున్నాను.

మాది విశాఖ మన్యమునకు దిగువనున్న గ్రామము. ఘాటీ యెక్కి చింతపల్లి దారిని లంబసింగి చేరినచో సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల యెత్తు. అచ్చట కొన్ని యేండ్లు చలి ముదిరిన రాత్రులలో ఉష్ణమానము సున్న దరిదాపులకు దిగును. మా యూరు కొండక్రిందనే యున్నను ఆ గాలి మాకును తప్పదు. నా చిన్నతనమున మా యక్క పురిటికి వచ్చినది. పుష్యమాసము. పురిటిగదికి కిటికీ యొక్కటే. దానిలో గోనె కుక్కిరి. తలుపుసందున పాతచీర చుట్టి పెట్టిరి. మంచము ప్రక్క తుమ్మబొగ్గుల కుంపటి యుంచిరి. పొగ బాలింత కన్నులకు తగులరాదని మా మేనత్త బొగ్గులను పెరటిలో రాజవేసి, అవి యెఱ్ఱనై పొగ యణగిన పిమ్మటనే లోనికి తెచ్చెడిది. ఆమె జాగ్రత్తను ఇరుగుపొరుగువా రందరును మెచ్చుకొనెడివారు. రాత్రి ఆమెయే తోడు పరుండెను.

నడిరేయి దాటిన పిదప ఆ గదిలో ఏదో పడిన చప్పుడైనది. మా నాయన తలుపు త్రోయగా, దాని కడ్డముగా అత్త పడియుండెను. వాంతి చేసుకొన్నది. అక్కను పిలిచిన పలుకలేదు. బిడ్డ మెడ వాలవేసినది. ముగ్గురను పెరటిలోనికి మోసికొనివచ్చి ఆ మంచులోనే పరుండబెట్టిరి. కొంతసేపటికి బిడ్డ యేడ్చినది. తెల్లవారునప్పటికి అక్కకు తెలివి వచ్చినది. గాలి సోకినదని పెద్ద లనిరి, దిష్టి తీసిరి, విబూది పెట్టిరి. మరునాటి రాత్రి ఆ కుంపటినే మరల ఆ గదిలో పెట్టిరి. మా యదృష్టము బాగుండి అత్త తలనొప్పి కోర్వలేక తలుపు ఓరగా తెరచి పరుండెను.

పెద్దవాడనై పరస్థలమున బడిపంతులుగా నున్నపుడు ఒక వైద్యునితో మాటవరుసకు ఈ సంగతి చెప్పితిని. ఆయన నిట్టూర్చి, “పంతులుగారూ, గాలి సోకి కాదు, గాలి సోకక ఆ గతి పట్టినది” అనెను. పిమ్మట కారణము విడమరచి చెప్పెను. సెలవులకు ఊరు వచ్చినపుడు ఆ మాట మా వీధిలో నలుగురకు చెప్పవలెననుకొంటిని. పురిటిగది సంగతులు పెద్దల యెదుట మాటలాడుటకు సంకోచించి ఊరకుంటిని. మూడవ చలికాలమున మా వీధిలోనే యొక వృద్ధదంపతుల తలుపు తెల్లవారినను తెరువబడలేదు. తలుపు పగులగొట్టి చూడగా ఇద్దరును నిద్రించుచున్నట్లే యుండిరి. మంచాల నడుమ కుంపటిలోని బూడిద యింకను వెచ్చగా నున్నది. ముసలివారు, చలికి పోయిరని ఊరివారనిరి. నేను ఆ కుంపటిని చూచి తల వంచుకొంటిని. నాడు మ్రింగిన మాటను నేడు మీ కందరకును చెప్పుచున్నాను.

కట్టె మండునప్పుడు జరుగునదేమో ముందుగా చూతము. మొదట కట్టెలోని నీరు ఆవిరియగును. తరువాత వేడికి కట్టెలోనుండి వాయువులు వెలువడును. అవి అంటుకొన్నచో మంట, అంటుకొననిచో పొగ. కట్టె బరువులో ముప్పాతిక వంతు ఈ విధముగానే వెలువడును. కావున పొగ యనగా వ్యర్థపదార్థము కాదు. మండకుండ పోయిన వంటచెరకే. కడపట మిగులునది బొగ్గు. బొగ్గునకు గాలి సమృద్ధిగా అందినచో అది పూర్తిగా కాలి బొగ్గుపులుసు గాలి యగును. గాలి చాలనిచో సగము కాలి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దీనికి రంగు లేదు, వాసన లేదు, కంట మంట లేదు. మన నెత్తుటిలో ప్రాణవాయువును మోయు పదార్థమొకటి గలదు. ఈ విషవాయువు ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన బలముతో ఆ పదార్థమును పట్టుకొనును. బండి నిండ అన్యుడు కూర్చుండగా మనవాడు ఎక్కుటకు చోటు లేనట్లగును. ఊపిరి ఆడుచునే యుండును. దేహమునకు ప్రాణవాయువు అందదు. మొదట తలనొప్పి, తల తిరుగుట, వాంతి, పిమ్మట కాళ్లలో సత్తువ యుడుగుట, ఆపైన మత్తు. నిద్రలో నున్నవానికి ఈ సూచన లేవియు తెలియవు.

ఇంగ్లండు దేశపు బొగ్గుగనులలో ఈ విషమును కనిపెట్టుటకు చిన్న పక్షులను పంజరములలో తీసికొనిపోయెడివారు. హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దము చివర ఈ ఉపాయమును సూచించెను. మనుష్యునికంటె ముందుగా పక్షి సొమ్మసిల్లును. దానిని చూచి పనివారు బయటపడుదురు. 1986లో యంత్రములు వచ్చి ఆ పక్షులకు విడుదల కలిగించినవి. మన పడకగదిలో అట్టి పక్షి లేదు. ఉన్నది పసిబిడ్డయే.

మా అత్త చేసిన పొరపాటు ఇదియే. పొగ పోయినది గనుక అపాయము పోయినదని ఆమె నమ్మినది. పొగ కన్నులను మండించి మనలను బయటికి తరుమును. పొగలేని నిప్పు జోలపాడి నిద్రపుచ్చును.

అట్లని నిప్పు వలదందునా? చలిదేశములవారు వేయేండ్లుగా ఇంటిలో మంట వేసికొని బ్రతుకుచున్నారు. వారు నేర్చిన పాఠము లేవో చూతము. ఐరోపా ఇండ్లలో గోడలో గూడు కట్టి, పైన పొగగొట్టము నిలిపి, కట్టెలు కాల్చెడివారు. చూచుటకు సొగసే కాని, అట్టి తెరపి పొయ్యిలో వేడి నూటికి 10, 15 వంతులు మాత్రమే గదికి దక్కి, తక్కినది గొట్టమువెంట ఆకాశమునకు పోవును. పైగా గదిలోని వెచ్చనిగాలిని సైతము మంట లాగికొనిపోగా, తలుపుసందులనుండి చలిగాలి లోనికి దూరును. ఎదుట కూర్చున్నవానికి మోకాళ్లు కాలును, వీపు వణకును. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1742 ప్రాంతమున ఇనుపపలకల పొయ్యి నొకదానిని కల్పించెను. దానిపై హక్కుపత్రము నిత్తుమన్నను, పదిమందికి పనికివచ్చునది పదిమందిదే కావలెనని ఆయన స్వీకరింపలేదు. ఆ పొయ్యికి లోపము లేకపోలేదు. పొగ క్రిందికి దిగి మరల పైకెక్కవలసినట్లు దారి కట్టినందున, పొయ్యి చల్లగా నున్నపుడు పొగ గదిలోనికే తన్నెడిది. వేడిగాలి పైకి పోవును గాని క్రిందికి దిగనొల్లదు. 1796లో రంఫర్డు ప్రభువు పొయ్యిగూటిని లోతు తగ్గించి, గొట్టపు కంఠమును ఇరుకుచేసి, పొగ చక్కగా లాగునట్లును వేడి గదిలోనికి మరలునట్లును సరిదిద్దెను. నేటి మూతపొయ్యిలలో తలుపుండును, గాలికి ద్వారముండును, కట్టెలోని వేడిలో నూటికి 60, 70 వంతులు ఇంటికే దక్కును.

మన దేశముననే కాశ్మీరమున బుఖారీ యను ఇనుపపొయ్యి గలదు. దాని పొగగొట్టము గోడను గాని కప్పును గాని దాటి బయటికి పోవును. ఆ దేశమునందే వెదురుబుట్ట వంటి అల్లికలో మట్టిపిడత నమర్చి, బొగ్గులు పోసి, అంగరకా క్రింద పట్టుకొనెడు కాంగ్రీయు గలదు. అది మన కుంపటికి చుట్టమే. మూసిన గదిలో దానికిని ఈ దోషము తప్పదు. ఎల్లదేశముల అనుభవమును ఒక్కమాటలో చెప్పవచ్చును: నిప్పునకు రెండు దారులు వలయును. గాలి వచ్చుట కొకటి, పొగ పోవుట కొకటి.

మన ప్రాంతమున ఇండ్లకు పొయ్యిగొట్టము కొత్తగా వచ్చినదియు కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన ఎస్. పి. రాజుగారు మట్టితో కట్టుకొనదగిన పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో దానిని గూర్చి పుస్తకము ప్రకటించిరి. 1983లో భారతప్రభుత్వము మెరుగైన పొయ్యిలకై జాతీయ కార్యక్రమము నారంభించెను. 2016లో ఉజ్జ్వల పథకము వచ్చి, అనేక గృహములకు గ్యాసు చేరినది. అయినను చలి కాచుకొనుటకు గ్యాసు నెవరు వెలిగింతురు? కట్టెయే దిక్కు. ఇండ్లలోని పొగవలన 2020లో లోకమందు సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా వేసినది. వారిలో పసివారును పెక్కండ్రు.

ఇక చేయవలసిన పనులు చెప్పెదను.

మొదటిది కట్టె. పచ్చికట్టె బరువులో దరిదాపు సగము నీరే. నీటిని మరగించుటకు పట్టెడు వేడికంటె, మరగిన నీటిని ఆవిరిగా మార్చుటకు ఐదింతలకు మించిన వేడి పట్టును. పచ్చికట్టె కాల్చువాడు ఇంటిని వెచ్చచేయుట లేదు, నీళ్లు కాచి ఆకాశమున పోయుచున్నాడు. కట్టెను చీల్చి, వానతగులని చోట, క్రింద దుంగలు వేసి, నడుమ గాలియాడునట్లు పేర్చి, ఆరునెలలైన ఆరనీయవలెను. ఆరిన కట్టె కొసలు పగుళ్లుబారును. రెండిటిని తట్టిన ఖంగుమనును. తుమ్మ, సరుగుడు వంటి చేవకట్టె నిలిచి కాలును. తేలికకట్టె రాజవేయుటకు పనికివచ్చును. రంగు పూసిన పాత తలుపుచెక్కలను, ప్లాస్టిక్కును పొయ్యిలో వేయరాదు; వాని పొగ విషము.

రెండవది గొట్టము. అది నిట్టనిలువుగా నుండవలెను. కప్పును దాటినచోట మూడడుగులకు తక్కువ కాకుండ, పది యడుగులలోపల నున్న కప్పుకంటె రెండడుగులు మించి యుండవలెను. లేనియెడల ఎదురుగాలికి పొగ వెనుకకు తన్నును. తాటాకు, రెల్లు కప్పులగుండ ఇనుపగొట్టమును ఎన్నడును పోనీయకుడు. అట్టి యిండ్లలో మట్టిగోడను తొలిచి, గొట్టమును గోడవెలుపలికి తెచ్చి, కప్పుచూరునకు దూరముగా నిలుపవలెను. వట్టి ఇనుపగొట్టమునకును కట్టె, ఆకు, గుడ్డ మొదలైనవానికిని నడుమ మూరెడు ఎడముండవలెను. పొగలోని తారువంటి మసి గొట్టములోపల పేరుకొనును. అదియే యొకనాడు అంటుకొన్నచో ఇల్లు దక్కదు. కావున చలికాలము రాకముందే దులిపించుకొనుడు.

మూడవది కుంపటి. గొట్టము లేని నిప్పుతో పగలు కాచుకొనుడు; తలుపు, కిటికీ తెరచి కాచుకొనుడు. పడకవేళకు దానిని ఇంటివెలుపల పెట్టుడు. బూడిద కప్పిన నిప్పు చచ్చినదని నమ్మకుడు. విషము నెక్కువగా వెడలించునది అట్టి నిప్పే. ఇంటిలో ఒక్కసారిగా ఇద్దరు ముగ్గురకు తలనొప్పి, వాంతి కలిగి, బయటికి వచ్చినంతనే తేలికపడినచో, దిష్టియని కూర్చుండకుడు. అందరిని ఆరుబయటికి చేర్చి, వెంటనే ఆసుపత్రికి కొనిపొండు.

నాలుగవది పురిటిగది. బాలింతకును బిడ్డకును వెచ్చదనము కావలెనన్న పెద్దల మాట నూటికి నూరుపాళ్లు సత్యము. పద్ధతి మాత్రము మార్చుకొందము. ఇటుకను బయట పొయ్యిలో కాచి, దళసరి గుడ్డలో చుట్టి, పక్కలో కొంతసేపుంచి, తల్లీబిడ్డలు పడుకొనకముందే తీసివేసినచో పక్క వెచ్చనగును. బిడ్డను తల్లి రొమ్మున చర్మమునకు చర్మము తగులునట్లు పరుండబెట్టి, పైన దుప్పటి కప్పుడు. వైద్యులు నేడు ఎల్లెడల చెప్పుచున్నది ఇదియే. తల్లి రొమ్మును మించిన కుంపటి లేదు.

అయ్యలారా! ఊరిలో కోడలు చెప్పినచో వినని యిల్లు మీరు చెప్పినచో వినును. నేను వయసులో చిన్నవాడనని ఒకప్పుడు నోరు మూసికొంటిని. మీకు ఆ యడ్డు లేదు. ఈ రాత్రి పడుకొనబోవుటకు ముందు మీ యింటిలో ఒకమారు తిరిగి చూడుడు. ఏ గదిలోనైన కుంపటి యున్నచో దానిని బయట పెట్టించి, కిటికీలోని గోనె తీయించుడు. ప్రక్క యింటివారికిని ఒక కేక వేయుడు. కంబళి మరియొకటి కప్పుకొనవచ్చును. ఆ వృద్ధదంపతులను మాత్రము మేము మరల లేపలేకపోతిమి.

సెలవు.