తెర మీద తయారైన మనిషి

(తాటిపాకలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



స్మారకోపన్యాసం కదా, సాహిత్యమో చరిత్రో అయితే బాగుంటుందేమోనని నిర్వాహకులు కొంచెం మొహమాటపడుతూనే అన్నారు. సినిమా గురించి, అందులోనూ సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో కంప్యూటర్‌తో తయారుచేసిన మనుషుల గురించి మాట్లాడతానంటే మాత్రం కాదనలేదు. అందుకు కృతజ్ఞుణ్ణి. ఈ విషయం మాట్లాడడానికి ఈ చోటు పరాయిదేమీ కాదు. చించినాడ వంతెన దాటితే పాలకొల్లు, కోడి రామకృష్ణ గారు పుట్టిన ఊరు. సఖినేటిపల్లి దగ్గర వశిష్ఠ దాటి నరసాపురం మీదుగా పోతే మొగల్తూరు, ప్రభాస్ సొంతూరు. తెలుగు తెర మీద గ్రాఫిక్స్ కథ చెప్పేవాడు ఒకరిని తలుచుకుని మొదలుపెడితే, రెండోవారి దగ్గరికి రాక తప్పదు.

1995 జనవరిలో ఇక్కడికి దగ్గర్లోని పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకున్నప్పుడు ఆ మంట రెండు నెలల పైచిలుకు ఆరలేదు. ఈ సభలో యాభై దాటినవారు చాలామంది దాన్ని కళ్ళారా చూసి ఉంటారు. గ్యాస్ మంట ఎలా లేస్తుందో, రాత్రిపూట ఆకాశం ఏ రంగుకి తిరుగుతుందో మీకు తెలిసినంత ఏ గ్రాఫిక్స్ కంపెనీకీ తెలియదు. అయినా సినిమాలో కంప్యూటర్ మంట వస్తే మీరెవరూ పేచీ పెట్టరు. కూలిపోయే మేడని, ఎగిరే బండిని, ఎండిపోయిన గంగని ఒప్పుకుంటారు. అదే ఒక మనిషి ముఖం తెర నిండా వచ్చి, పెదవి ఒక్క రవ్వ ఆలస్యంగా కదిలిందనుకోండి, పదేళ్ళ పిల్లవాడు కూడా "గ్రాఫిక్స్!" అనేస్తాడు. ఆ మాట వినపడ్డాక హాల్లో కథ నడవదు. మంటకి ఇచ్చిన మాఫీ ముఖానికి ఎందుకు ఇవ్వం?

1970లో జపాన్ ఇంజనీరు మసాహిరో మోరి దీనికో బొమ్మ గీసి చూపించాడు. ఆయన సినిమాల గురించి ఆలోచించలేదు, రోబోల గురించి ఆలోచించాడు. యంత్రం మనిషిని పోలుతున్నకొద్దీ మనకి దాని మీద ఇష్టం పెరుగుతుంది. పూర్తిగా పోలడానికి కొంచెం ముందు మాత్రం ఆ ఇష్టం ఒక్కసారిగా లోయలో పడిపోతుంది, జుగుప్స పుడుతుంది. ఆయన ఇచ్చిన ఉదాహరణ కృత్రిమ హస్తం. దూరం నుంచి చెయ్యిలాగే ఉంటుంది, కరచాలనం చేస్తే చల్లగా తగులుతుంది. కదలిక తోడైతే ఆ లోయ ఇంకా లోతవుతుందని కూడా ఆయనే అన్నాడు. సినిమా అంటేనే కదలిక కాబట్టి మన చిక్కంతా అక్కడే ఉంది.

ఇంటికి వెళ్ళాక లైట్లు ఆపి, సెల్‌ఫోన్ టార్చి మీద అరచెయ్యి పెట్టి చూడండి. వేళ్ళు ఎర్రగా వెలుగుతాయి. చర్మం మీద పడిన కాంతిలో కొంత లోపలికి దిగి, నెత్తురు రంగు పట్టుకుని, పక్కన ఇంకోచోట నుంచి బయటికొస్తుంది. తొలి రోజుల కంప్యూటర్ మనుషులకి ఈ గుణం లేదు. కాంతి పైపొర దగ్గరే తిరిగిపోయేది, అందుకే ప్లాస్టిక్‌లా కనపడేవారు. 2001లో హెన్రిక్ వాన్ జెన్సన్, ఆయన సహచరులు ఈ లోపలి కాంతిని చవకగా లెక్కకట్టే పద్ధతి ప్రచురించారు. మరుసటి ఏడాది వచ్చిన 'ద టూ టవర్స్'లో గొల్లమ్ అనే కంప్యూటర్ పాత్ర చర్మం అందుకే చర్మంలా ఉంది. కన్ను సంగతి ఇంకా కష్టం. మనం ఎదుటివాణ్ణి చూస్తున్నప్పుడు మన చూపు ఒక కంటి మీంచి ఇంకో కంటికి, అక్కణ్ణించి నోటికి గెంతుతూనే ఉంటుంది. కింది రెప్ప అంచున సన్నటి తడిగీత ఉంటుంది. నవ్వితే పెదవులొక్కటే కదలవు, కంటి కింద కండ బిగుస్తుంది. ఇవేవీ మనం చూస్తున్నామని మనకి తెలియదు. లేకపోతే మాత్రం ఠక్కున తెలిసిపోతుంది. పుట్టిన కొద్ది రోజులకే పసిపాప అమ్మ ముఖం పోల్చుకుంటుంది. ఎనభై ఏళ్ళొచ్చాక కూడా మనం చేస్తున్నది ఆ పనే.

సరే, అయితే సాంకేతికత పెరిగితే సమస్య తీరిపోతుందా? అలాగే అనుకున్నారు. 2001లో 'ఫైనల్ ఫాంటసీ: ద స్పిరిట్స్ వితిన్' అని ఒక సైన్స్ ఫిక్షన్ సినిమా వచ్చింది. నటీనటులు గొంతు మాత్రమే ఇచ్చారు, తెర మీద మనుషులందరూ కంప్యూటర్ వాళ్ళే. కథానాయిక ఆకీ రాస్ తల మీద 60,000 వెంట్రుకలు విడివిడిగా కదిలేలా చేశారు. దాదాపు 13 కోట్ల 70 లక్షల డాలర్లు ఖర్చయింది. జుట్టు అద్భుతం. జుట్టు కోసం టిక్కెట్టు కొనేవాళ్ళు ఎంతమంది ఉంటారు? సినిమా దెబ్బతింది, తీసిన స్టూడియో మూతపడింది. ఆకీ ముఖంలో లోపం వెతికితే ఫలానా అని వేలు పెట్టి చూపలేం. ఆ ముఖం వెనక ఎవరూ లేరన్నదే లోపం.

నేను చెప్పదలచింది ఇదే. తయారుచేసిన మనిషిని మనం నమ్మాలంటే రెండిట్లో ఒకటైనా ఉండాలి. లోపల ఒక నటుడు పనిచేస్తున్నట్టు మనకి తెలుస్తూ ఉండాలి. లేదా, ఇది తయారైన మనిషేనని కథే ఒప్పుకోవాలి. రెండూ లేనిచోట ఎంత డబ్బు పోసినా కన్ను ఒప్పుకోదు.

తెలుగువాళ్ళకి ఇది కొత్త పాఠం కాదు. తయారైన మనిషిని మనం 1957లోనే చూశాం. 'మాయాబజార్'లో మాయా శశిరేఖ ఎవరు? శశిరేఖ రూపం వేసుకున్న ఘటోత్కచుడు. ఈ రోజుల్లో అయితే ఎస్వీ రంగారావు ముఖం కరిగి సావిత్రి ముఖంగా మారే షాట్ కోసం ఆరు నెలలు కూర్చుంటారు. కె.వి. రెడ్డి గారికి, కెమెరా పట్టిన మార్కస్ బార్ట్లేకి అంతటి మాయ చాలానే తెలుసు. కానీ అసలు మాయ సావిత్రికి వదిలేశారు. ముఖం అదే, చీర అదే, నగలు అవే. పెళ్ళి ముచ్చట పాటలో సిగ్గుపడుతున్న ఆ పిల్ల ఉన్నట్టుండి భుజాలు విరిచి మగ నడక నడుస్తుంది, చూపులో రాక్షసుడు తొంగిచూస్తాడు, సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు పలుకుతుంది. పై రూపం ఒకటి, లోపలి జీవి ఇంకొకటి అని మనకి ఒక్క క్షణం కూడా అనుమానం రాదు. ఈ రోజు కోట్లు పెట్టి కంప్యూటర్లతో సాధించాలనుకుంటున్నది ఇదే గదా! పైగా ఇక్కడ రెండు షరతులూ నెరవేరాయి. కథ మాయ అని ఒప్పుకుంది, లోపల సావిత్రి ఉంది.

ఈ కొలతతో చూస్తే రజనీకాంత్ రెండు సినిమాల తేడా తెలుస్తుంది. 2010లో 'రోబో'. చిట్టి ముఖంలో అక్కడక్కడ ప్లాస్టిక్ మెరుపు ఉంది, చివరి పోరాటంలో వందల చిట్టీలు బంతిగా, పాముగా పేర్చుకున్నారు. ఎవరికీ ఎబ్బెట్టు అనిపించలేదు, చిట్టి యంత్రం కాబట్టి. నాలుగేళ్ళ తర్వాత 2014లో 'విక్రమసింహ', తమిళంలో 'కోచ్చడయాన్'. నటుల కదలికలు పట్టి, మనుషులందరినీ కంప్యూటర్‌లో పోతపోశారు. సాంకేతికంగా అది ముందడుగే. కానీ అక్కడ రజనీకాంత్ యంత్రం కాదు, రక్తమాంసాలున్న వీరుడు. కళ్ళు నిలబడిపోయాయి, బుగ్గలు బిగుసుకుపోయాయి. నటుడూ ఆయనే, అభిమానులూ వాళ్ళే. ఒకచోట కథ అనుమతి ఇచ్చింది, రెండోచోట ఇవ్వలేదు.

హాలీవుడ్‌లో ఈ కిటుకు బాగా పట్టుకున్నది 2017 నాటి 'బ్లేడ్ రన్నర్ 2049'. 1982 నాటి మొదటి సినిమాలో షాన్ యంగ్ వేసిన రేచల్ పాత్రని అదే వయసులో మళ్ళీ తెర మీదకి తెచ్చారు. చాలా గొప్పగా కుదిరింది. అయినా మనలో ఒక మూల ఏదో తేడాగా ఉందని గుసగుసలాడుతుంది. సరిగ్గా అదే సమయానికి కథలో ఆమెని ప్రేమించిన ముసలివాడు, ఆమె కళ్ళు ఆకుపచ్చగా ఉండేవని చెప్పి ముఖం తిప్పుకుంటాడు. మన అనుమానాన్ని పాత్ర నోట పలికించారు. అనుమానమే మనల్ని కథలోకి ఇంకా లోతుగా తీసుకెళ్ళింది. దర్శకుడి తెలివంటే నా లెక్కలో అదీ.

ఇక్కడ మన హాళ్ళకి ప్రత్యేకమైన ఒక సంగతి చెప్పాలి. తెలుగు ప్రేక్షకుడు కథలో మునిగినా హీరోని మరిచిపోడు. 2007లో 'యమదొంగ'లో రాజమౌళి ఎన్టీ రామారావు గారి రూపాన్ని గ్రాఫిక్స్‌తో తెర మీదకి తెచ్చినప్పుడు హాళ్ళు దద్దరిల్లాయి. ఆయన పోయి అప్పటికి పదకొండేళ్ళు. ఆ ముఖం కదలిక సహజంగా ఉందా లేదా అని ఎవరూ చూడలేదు, ఎందుకంటే ఆ క్షణంలో ఎవరూ కథలో లేరు, దర్శనం చేసుకుంటున్నారు. దర్శనానికి పోలిక చాలు. కథకి పోలిక చాలదు. పాలకొల్లు రామకృష్ణ గారి విషయమే చూడండి. 1995లో 'అమ్మోరు'లో ఆయన గ్రాఫిక్స్‌ని చుట్టూ పేర్చి, మధ్యలో రమ్యకృష్ణ ముఖాన్ని రమ్యకృష్ణకే వదిలేశారు. ఆ కళ్ళు చూసి పల్లెల్లో హారతులిచ్చారు. 2016లో కన్నడ 'నాగరహావు'కి వచ్చేసరికి, 2009లో కన్నుమూసిన విష్ణువర్ధన్ గారి ముఖాన్ని హైదరాబాద్ మకుట సంస్థతో తయారుచేయించి పతాక ఘట్టంలో నిలబెట్టారు. సాహసమే, పనితనమూ ఉంది. నా మటుకు నాకు 'అమ్మోరు' కళ్ళే గుర్తున్నాయి.

సైన్స్ ఫిక్షన్‌కి తిరిగి వస్తే, 1991లో 'ఆదిత్య 369' తీసిన సింగీతం శ్రీనివాసరావు గారు 'మాయాబజార్' రోజుల్లో కె.వి. రెడ్డి గారి దగ్గర పనిచేసినవారే. విజయనగరానికి తీసుకెళ్ళారు, భవిష్యత్తుకీ తీసుకెళ్ళారు, కంప్యూటర్ మనిషి అవసరం రాలేదు. ఆ సింగీతం గారే 'కల్కి 2898 ఏడీ' స్క్రిప్టుకి పెద్దదిక్కుగా ఉన్నారు. నాగ్ అశ్విన్ తీసిన ఈ సినిమా 2024 జూన్ 27న వచ్చింది. కురుక్షేత్రంలో యువ అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్‌ని వయసు తగ్గించి చూపించారు. అప్పటికి ఆయనకి ఎనభై ఒకటి. ఆ ముఖం డెబ్బయిల నాటి పోస్టర్లలో మనకి కంఠతా వచ్చిన ముఖం కాబట్టి పరీక్ష కఠినం. బొటాబొటి మార్కులతో గట్టెక్కిందని నా అభిప్రాయం. ఎక్కువసేపు నిలపకపోవడం వల్ల కూడా గట్టెక్కింది. అదే అశ్వత్థామ ముసలివాడై, కట్లు కట్టుకుని, మామూలు మనిషిని మించిన ఎత్తులో లేచి నిలబడినప్పుడు ఎత్తు అబద్ధం, ముఖం నిజం. హాలు ఆయన వెంట నడిచింది. ముఖమే లేని బుజ్జి, అంటే కథానాయకుడు భైరవ కారు, కేవలం కీర్తి సురేశ్ గొంతుతో మనిషైపోయింది. ఇక కృష్ణుడు. ముఖం చూపించనే లేదు. నల్లటి ఆకారం, గొంతు, అంతే. తెలుగువాడి మనసులో కృష్ణుడి ముఖానికి ఎన్టీ రామారావు గారు ఎప్పుడో కాపురం పెట్టేశారు. ఏ గ్రాఫిక్స్‌తో ఏ ముఖం పెట్టినా ఆ పక్కన నిలబెట్టి కొలుస్తారు. ఆ సినిమాలో నాకు అన్నిటికన్నా తెలివైన గ్రాఫిక్స్ నిర్ణయం అదే అనిపించింది.

'కల్కి'కి ముందుటేడు వచ్చిన 'ఆదిపురుష్' గురించి ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు. టీజర్ మీద గొడవ లేచాక విడుదల 2023 జనవరి నుంచి జూన్‌కి జరిపి దిద్దారు. పాత్రల ముఖాలు ఆ కొద్ది నెలల్లో కుదిరేవి కావు. ప్రభాస్‌ని రాముడిగా మనముందు నిలబెట్టి, ఆయన చుట్టూ బరువులేని లోకం పెడితే, ఆయన ముఖం కూడా బరువు కోల్పోయింది.

చివరగా ఒక్క సంగతి. 2016 నాటి 'రోగ్ వన్'లో గ్రాండ్ మాఫ్ టార్కిన్ పాత్రలో పీటర్ కుషింగ్ కనపడతాడు. ఆయన 1994లోనే పోయాడు. సెట్లో నడిచింది, మాట్లాడింది, నటించింది గై హెన్రీ అనే నటుడు. ముఖం మాత్రం పోయినాయనది. 2023లో హాలీవుడ్ నటులు 118 రోజులు సమ్మె చేసినప్పుడు, అనుమతి లేకుండా నటుడి డిజిటల్ నకలు వాడకూడదన్నది వాళ్ళ ముఖ్యమైన డిమాండ్లలో ఒకటి. 2022 నవంబరులో అమితాబ్ పేరు, గొంతు, రూపం అనుమతి లేకుండా వాడొద్దని ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వులిచ్చింది. అంటే బతికున్న పెద్దలకి కోర్టు ఉంది. పోయినవారి ముఖం కింద చెమటోడ్చే చిన్న నటుడికి ఎవరున్నారు?

నిర్మాతలెవరైనా ఈ పాఠం చదివితే నా విన్నపం ఇది. ఎవరి ముఖాన్నయినా కంప్యూటర్‌లో తయారుచేయించండి, మాకు అభ్యంతరం లేదు. పోయినవారి కుటుంబాన్ని అడిగి చేయండి. ఆ ముఖం కింద నటించిన మనిషి పేరు మాత్రం సినిమా అయిపోయి లైట్లు వేశాక కాకుండా, మొదట్లోనే, నటీనటుల వరసలో, మేం చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో వెయ్యండి.